మైనర్ బాలుడు స్కూటర్‌తో గుద్దితే పరిహారం ఎవరి బాధ్యత?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే వీధిలో, పాల ప్యాకెట్ తీసుకుని వస్తున్న మా నాన్నగారిని పక్క అపార్ట్‌మెంట్‌లోని పదిహేనేళ్ల అబ్బాయి స్కూటర్‌తో గుద్దాడు. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక, ఆయన ఇప్పుడు వాకర్ పట్టుకుని గది గుమ్మం వరకే నడవగలుగుతున్నారు. కేసు నమోదైంది. బండి ఆ అబ్బాయి తాతగారి పేరున ఉంది. తాళం తాము ఇవ్వలేదని, గోడ మేకుకు ఉన్నదాన్ని తనే తీసుకుపోయాడని తల్లిదండ్రులు అంటున్నారు.

మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ నేరం చేస్తే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా భావించి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధిస్తారని, అయితే తమకు తెలియకుండా జరిగిందని లేదా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేసుకుంటే వారు బయటపడవచ్చని చదివాను. అందరికీ అందేలా మేకుకు తగిలించిన తాళం తగిన జాగ్రత్త కిందకు వస్తుందా? నాకైతే అది సమంజసంగా తోచడం లేదు.

శిక్ష కంటే మాకు ముఖ్యం వైద్య ఖర్చులు. లైసెన్సు లేనివారు నడిపినా బీమా సంస్థ ముందు బాధితులకు చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. మరి బండి తన పేరున లేనప్పుడు, తండ్రి అయినంత మాత్రాన ఆయనపై బాధ్యత పడుతుందా, లేక ఆయన నిర్లక్ష్యాన్ని మేము విడిగా నిరూపించాలా? ఆ అబ్బాయి చదువు పాడవాలని మాకు ఏమాత్రం లేదు. పెద్దల సమక్షంలో రాజీపత్రం రాసుకుంటే మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేసే హక్కు పోతుందా? ఇటువంటి కేసులు నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.