కుక్కర్ గ్యాస్కెట్ 4 నెలలకే గట్టిపడిపోతోంది

మాది 5 లీటర్ల కుక్కర్, రోజుకు రెండుసార్లు వాడతాం. కొత్త గ్యాస్కెట్ వేసిన 4 నెలలకే గట్టిపడి, లోపలి అంచున సన్నని పగుళ్లు వస్తున్నాయి. విజిల్ రాదు, ఆవిరంతా పక్కనుంచే పోతుంది, పప్పు అడుగంటుతుంది. ఇలా పోవడం ఇది మూడోది.

చల్లనీళ్లలో వేశాను, ఫ్రిజ్‌లో పెట్టాను. ఒకటి రెండు రోజులే పనిచేసింది. మెత్తబడుతుందని నూనె రాస్తే ఇంకా ఘోరం, ఉబ్బి సాగిపోయి మూతలో కూర్చోవడమే మానేసింది. నూనె కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుందని తర్వాతే తెలిసింది. వెయిట్, సేఫ్టీ వాల్వ్ శుభ్రంగానే ఉన్నాయి. కంపెనీ గ్యాస్కెట్టే కొంటున్నాను.

ఒక్కటే అనుమానం. కడిగాక మూతకే తగిలించి కిటికీలో పెడతాను, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ రబ్బరును పెళుసుగా చేస్తాయి. కానీ వంట వేడి ఎలాగూ తప్పదు కదా!

గ్యాస్కెట్‌ను విడిగా తీసి నీడలో పెట్టేవాళ్లకు అది ఎన్ని నెలలు వస్తోంది?