వానల్లో బోను తొక్కుడు పలక కింద మట్టి గట్టిపడుతోంది: మైనపు మట్టి ఎలా కలపాలి?

గోడౌన్_గుంటూరు:
ధాన్యం గోడౌన్ వెనక ప్రహరీ పునాది వెంట పందికొక్కులు బొరియలు తవ్వుతున్నాయి. 18 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న ఇనప తీగ బోన్లు నాలుగు ఉన్నాయి. ఎర కొక్కెం రకం కాదు, కాలు పెడితే తలుపు పడే తొక్కుడు పలక రకం. ఊరికే నేల మీద పెడితే పందికొక్కు పక్కనుంచి తిరిగి పోతోంది. కొంచెం పాతిపెట్టి అడుగున మట్టి పరిస్తే లోపలికి వస్తోంది. కానీ ఒక్క వాన పడిందంటే ఆ మట్టి పలక కిందికి జారి ముద్ద కడుతోంది, రెండు రోజుల ఎండకి ఇటుకలా బిగుసుకుంటోంది. ఇక పలక కదలదు. పొద్దున చూస్తే ఎర ఖాళీ, తలుపు తెరిచే ఉంటోంది.

చలిదేశాల్లో ట్రాపుల చుట్టూ మట్టి తడిసి గడ్డకట్టకుండా మైనం కలిపిన మట్టి వాడతారట. మన దగ్గర ఏ మట్టి పనికొస్తుంది, మైనం ఎంత కలపాలి, మన ఎండకి అది కరిగిపోదా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_పెస్ట్‌కంట్రోల్:
పనిచేస్తుందండీ. ప్రతి మట్టి రేణువు మీద పల్చటి మైనం పొర పడితే నీళ్లు లోపలికి దిగవు. నీళ్లు దిగకపోతే అక్కడ మంచు గడ్డ కట్టదు, ఇక్కడ బురద కాదు. సూత్రం ఒకటే.

ముందు మట్టి. మీ చుట్టుపక్కల దొరికే నల్లరేగడి అస్సలు వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది, పైగా దాని బంకలో తేమ ఒక పట్టాన వదలదు. ఇసుక పాలు ఎక్కువున్న ఒండ్రు మట్టి తీసుకోండి. పిడికిట్లో నొక్కి వదిలితే విడిపోవాలి. ఉత్త ఇసుక కూడా బాగోదు, చూడగానే కొత్తగా కనబడుతుంది, బోను కింద జారిపోతుంది.

మేస్త్రీలు వాడే సన్న ఇసుక జల్లెడలో జల్లించి, టార్పాలిన్ మీద రెండంగుళాల మందాన పోసి రెండు మూడు రోజులు ఎండబెట్టండి, రోజుకు మూడుసార్లు తిరగేయండి. చేతికి పొడిగా తగిలితే సరిపోదు. గుప్పెడు మట్టి వేడిచేసి స్టీలు గ్లాసులో పోసి మూత పెట్టండి. మూత లోపలి వైపు చెమ్మ పట్టిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. తొందరపడి ఈ దశలో మైనం కలిపితే ఆ తేమ లోపలే ఉండిపోతుంది, పైన మైనం అంటదు. మట్టి చెడిపోవడానికి నూటికి తొంభైపాళ్లు ఇదే కారణం.

మైనం అంటే తేనెమైనం కాదు, కొవ్వొత్తుల తయారీవాళ్లకు అమ్మే తెల్ల పారఫిన్ దిమ్మ. 58–60 డిగ్రీల దగ్గర కరిగే రకం అడగండి. రంగు, సెంటు కలిపిన కొవ్వొత్తి ముక్కలు వద్దు. 10 కేజీల మట్టికి 400 గ్రాములతో మొదలుపెట్టండి, కొబ్బరి కోరాంతో సన్నగా తురమండి. మట్టి సన్నగా ఉంటే 500 దాకా పడుతుంది. అంతకు మించితే పొడిగా ఉండదు, ఉండలు కడుతుంది.

ఇక కలపడం. మైనాన్ని విడిగా పొయ్యి మీద కరిగించకండి, నిప్పంటుకుంటుంది. మట్టినే వేడిచేయాలి. ఇనప బాణలిలో ఐదేసి కేజీలు పోసి సన్నమంట మీద కలుపుతూ ఉండండి. పేలాలు వేయించే ఇసుకంత వేడి అక్కర్లేదు. చెయ్యి పెట్టలేనంత, అంటే 80–90 డిగ్రీలు చాలు. పొయ్యి ఆర్పి, బాణలి దింపి, అప్పుడు తురుము మూడు విడతలుగా చల్లుతూ కలపండి. పొగ లేచిందంటే మట్టి మరీ కాలింది. ఆ మాడు వాసన రోజుల తరబడి పోదు, పందికొక్కు దగ్గరికి రాదు. పూర్తిగా చల్లారేదాకా కలుపుతూనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే పలకలా గడ్డ కడుతుంది.

చల్లారాక గుప్పెడు మట్టి పళ్లెంలో పోసి, వేలితో గుంట చేసి నాలుగు చుక్కల నీళ్లు వేయండి. తామరాకు మీద నీటిబొట్టులా పది నిమిషాలు నిలవాలి. ఇంకిపోతే మళ్లీ వేడిచేసి, 10 కేజీలకు ఇంకో 50 గ్రాముల చొప్పున కలపండి.

పొరపాటున మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు మాత్రం పోయొద్దు, మంట ఎగజిమ్ముతుంది. పక్కన ఎండు ఇసుక బకెట్, బాణలికి సరిపోయే మూత పెట్టుకునే పొయ్యి వెలిగించండి. రేకుల షెడ్డులో వద్దు, ఆరుబయట చేయండి.

తెనాలి_రైతు:
పైన చెప్పింది సరైనదే. ఎండ గురించి అడిగారు కదా: మేలో మన దగ్గర ఎండిన నేల పైపొర 60 డిగ్రీలు దాటొచ్చు, అప్పుడు మైనం మెత్తబడి అంటుకుంటుంది. కానీ ఆ నెలలో మీకు ఈ మట్టితో పనే లేదు. జూన్ చివర నుంచి నవంబరు తుపాన్లు పోయేదాకా వాడి, మిగిలింది మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టండి. అసలు ఏప్రిల్, మే ఎండలోనే నల్ల టార్పాలిన్ మీద మట్టి పల్చగా పరిచి, తురుము చల్లి, గంటకోసారి తిరగేస్తే పొయ్యి లేకుండానే కలిసిపోతుంది. ఈ ఏడాదికి ఆ అదను దాటిపోయింది కాబట్టి బాణలే గతి.

మట్టి ఎంత బాగా కలిపినా బోను కూర్చోబెట్టడంలో తప్పు చేస్తే దండగే. బోను కన్నా అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువగా, అంగుళంన్నర లోతున గుంట తీయండి. అడుగున అర అంగుళం మైనపు మట్టి పరిచి బోను పెట్టి నాలుగు మూలలా నొక్కి చూడండి. ఏ మూల నొక్కినా ఊగకూడదు. ముందు కాలు వేసినప్పుడు బోను కదిలితే పందికొక్కు వెనక్కి తగ్గుతుంది, ఆ బోనులోకి మళ్లీ రాదు. చుట్టూ సందుల్లో ఇదే మట్టి కూరి వేళ్లతో గట్టిగా అదమండి.

పలక కింద మట్టి వేయొద్దు, ఖాళీగా ఉండాలి. పాత యూరియా బస్తా ముక్కను పలక కన్నా అంగుళం పెద్దగా కత్తిరించి, బిగించకుండా పలక మీద వదులుగా కప్పి, దాని మీద పావు అంగుళం మట్టి చల్లండి. గోనె గుడ్డ పెట్టకండి, తడి పీల్చి బరువెక్కి పలకను కిందికి లాగుతుంది. అన్నీ అయ్యాక ఖాళీ బోనులో పావు కేజీ రాయి పెట్టి తలుపు పడుతుందో లేదో చూడండి. చివర్లో అక్కడి మామూలు దుమ్మే పైన పల్చగా చల్లితే రంగు తేడా తెలియదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఈ మట్టి వానను ఆపుతుంది, నిలిచే నీటిని ఆపలేదు. చూరు నీళ్లు పడేచోట, వాలు దిగువన పెడితే మైనపు మట్టి తేలి కొట్టుకుపోతుంది. గోడ వెంట మిట్ట చోటు చూసుకోండి.

మొదటి మూడు రాత్రులు తలుపును తీగతో కట్టేసి ఎర మాత్రం పెట్టండి. కొత్త వస్తువంటే పందికొక్కుకి అనుమానం ఎక్కువ. కాల్చిన కొబ్బరి ముక్క గానీ ఎండు రొయ్యలు గానీ పెట్టొచ్చు. ధాన్యం పెడితే లాభం లేదు, అది దానికి లోపలే బోలెడు దొరుకుతోంది.

బాపట్ల_వ్యవసాయం:
పొలం గట్ల మీద ఎలుకలకు ఇంత శ్రమ అనవసరం. అక్కడ ఎలుకలు పట్టే వెదురు బుట్టలే మేలు, అసలు గట్టునే సన్నగా, ఎత్తు తక్కువగా ఉంచితే బొరియకు చోటుండదు. ఈ మట్టి గోడౌన్‌కే.

బోన్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారి తెరుచుకున్నవే బతికున్న బొరియలు. వాటి దారిలోనే పెట్టండి.

మీరు చూసిన చలిదేశాల పద్ధతి కాలు పట్టే దవడ ట్రాపులది. ఎవరైనా చదివి అడవిపందికో నక్కకో అవి పెడదామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఉచ్చు పెట్టడం కూడా వేటే. మన డెల్టా కాలవల వెంట బావురు పిల్లి తిరుగుతుంది, గోడల వెంట ముంగిస తిరుగుతుంది. రెండూ రక్షిత జంతువులే. అందుకే మీ తీగ బోనే మంచిది, ముంగిస పడితే ప్రాణాలతో వదిలేయొచ్చు. తెల్లవారగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా చూడండి. పగలంతా ఎండలో బోనులో ఏ ప్రాణినీ వదిలేయకూడదు.

బోన్లు పెట్టిన రోజుల్లో ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్నది ఎక్కడో గోడ సందులో చస్తుంది, లెక్కా తెలియదు. బోను ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, తడి నేలలో ఆ భయం ఇంకా ఎక్కువ. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు.

గోడౌన్_గుంటూరు:
చాలా సంతోషమండీ. నాలుగు బోన్లకి మట్టి ఎంత కావాలి? ఇప్పటికే బిగుసుకున్న పలకల్ని ఎలా వదిలించాలి?

బెజవాడ_పెస్ట్‌కంట్రోల్:
తెనాలి గారు చెప్పిన గుంట కొలతకి బోనుకు ఆరేడు కేజీలు పడుతుంది. 28 కేజీల మట్టి, కేజీన్నర పారఫిన్ తెచ్చుకోండి, కొద్దిగా మిగులుతుంది.

పలకల్ని సుత్తితో కొట్టకండి, ఇరుసు తీగ వంగితే ఇక ఎప్పటికీ సరిగ్గా పడదు. రాత్రంతా నీళ్లలో నానేసి, పాత బ్రష్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఇరుసుకి వాసన నూనెలు, గ్రీజు పెట్టొద్దు. అదే పారఫిన్ ముక్కతో నాలుగుసార్లు రుద్దితే చాలు.