రాజ్యసభలో ఉన్న ‘రాజ్యం’ ఏది?

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంట్లోనే ఎనిమిది నుంచి పది దాకా పిల్లలకు సోషల్ ట్యూషన్ చెబుతాను. పోయిన వారం జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. ఇక్కడ పెడితే తెలిసినవాళ్ళు నాలుగు మాటలు చెబుతారని రాస్తున్నా.

ఎనిమిదో తరగతి పాప ఒకతె బడి నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది. ‘రాష్ట్రపతి’కి ఎదురుగా ‘రాష్ట్రానికి అధిపతి’ అని రాసుకుంది. ‘రాజ్యసభ’కు ఎదురుగా ‘దేశం మొత్తానికి సభ’ అని రాసింది. రెండింటి మీదా ఎర్రసిరాతో ఇంటూ, పక్కన సున్నా. ఎందుకు తప్పో ఒక్క ముక్క కూడా రాయలేదు. “ముఖ్యమంత్రి రాష్ట్రానికే గదా సార్, మరి రాష్ట్రపతి దేశానికి ఎట్టవుతారు?” అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. రాత్రి కూర్చుని ఆలోచిస్తే, ఆ పాపకు తెలుగు బాగా వచ్చు కాబట్టే అలా రాసిందని అర్థమైంది.

తెలుగులో రాజ్యం అంటే మనకు పెద్దది. అమెరికా అగ్రరాజ్యం. దేశాలన్నీ కూడుకున్నది ఐక్యరాజ్యసమితి. పేదవాడి తిండీ వైద్యమూ చూసేది సంక్షేమ రాజ్యం. అందులో ఒక భాగం రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం, తమిళనాడు రాష్ట్రం, అంత దూరాన అమెరికా సంయుక్త రాష్ట్రాలు కూడా అంతే. హిందీలోకి పోతే ఇదంతా తారుమారు. వాళ్ళకు అమెరికా ‘సంయుక్త్ రాజ్య’, ఐక్యరాజ్యసమితి ‘సంయుక్త్ రాష్ట్ర’. కన్నడంలోనూ రాజ్యమంటే మన రాష్ట్రమే. మా ఊరి పక్కన పోయే 16వ నంబరు హైవే మనకు జాతీయ రహదారి, హిందీలో రాష్ట్రీయ రాజమార్గ్. విశాఖ ఉక్కు కంపెనీ పేరు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్. పేరు చూసి రాష్ట్ర ప్రభుత్వానిదనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. అది కేంద్రానిది.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షత వహిస్తారు.’ ఇందులో రాష్ట్రం అంటే దేశం, రాజ్యం అంటే రాష్ట్రం. రెండు మాటలూ మన భాషలోవే, రెండూ మన అర్థంలో లేవు. పిల్లలు ఏం చేస్తారు పాపం.

అసలు రాజ్యాంగం ఇంగ్లీషులో ఈ సభకు పెట్టిన పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్, అంటే రాష్ట్రాల సభ. 1952 ఏప్రిల్ 3న ఏర్పడింది, మే 13న మొదటిసారి కూర్చుంది. రాజ్యసభ అన్న హిందీ పేరు 1954 ఆగస్టు 23న వచ్చింది. దాన్ని సభలో ప్రకటించింది అప్పటి అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన ఇంటిపేరు మన నెల్లూరు జిల్లా సర్వేపల్లే. తమిళులు మాత్రం తమ మాటలోకి మార్చుకుని ‘మానిలంగళవై’ అంటారు. మానిలం అంటే రాష్ట్రం. అక్కడి పిల్లవాడు పేరు వింటూనే అది రాష్ట్రాల సభ అని తెలుసుకుంటాడు.

పేరు మార్చమని నేను అనను. పాఠం చెప్పేటప్పుడు ‘రాజ్యసభ, అంటే రాష్ట్రాల సభ’ అని ఒక్క మాట కలిపితే చాలంటున్నా. మీరేమంటారు?

ఒంగోలు నుంచి ఒక అక్క:
తమ్ముడూ, బాగా పట్టుకున్నావు. మరి పేపర్లలో ‘పెద్దల సభ’ అని రాస్తారు, అది ఏ లెక్క? మా ఇంట్లో పెద్దలు అంటే చనిపోయినవాళ్ళు. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకుంటాం. చిన్నప్పుడు ఆ హెడ్డింగు చదివి నాకు ఒకటే భయం.

కావలి:
అక్కా, మీ భయం నాకు అర్థమైంది. మా నాయనమ్మ కూడా పెద్దలకు బట్టలు పెట్టి, విస్తరి వడ్డించాకే మాకు అన్నం పెట్టేది. ‘పెద్దల సభ’ అన్న మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది, కానీ నాకు నచ్చదు. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్ళు నిండాలి, రాజ్యసభకు 30. ఆ ఐదేళ్ళ తేడాకే పెద్దలు అనేస్తే, ఆ సభ ఎందుకుందో మరుగున పడిపోతుంది. అక్కడ కూర్చునేవాళ్ళు వయసుకు ప్రతినిధులు కారు, రాష్ట్రాలకు ప్రతినిధులు. రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మందిని పక్కనపెడితే మిగిలిన 233 మందీ రాష్ట్రాల పేరుతో, శాసనసభలున్న కొన్ని కేంద్రపాలిత ప్రాంతాల పేరుతో వచ్చినవాళ్ళే. వాళ్ళను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు.

సంగం నుంచి ఒక రైతు:
నాకు ‘ఎగువ సభ’ అన్నా సరిపోదనిపిస్తుంది అన్నా. మాకు కాలవ మీద ఎగువ అంటే నీళ్ళు ముందు పారే చోటు. శివారు భూముల వాళ్ళు ఎగువోళ్ళు వదిలితేనే తడుపుకుంటారు. ఆ సభలో అట్లా ఉందా?

కావలి:
డబ్బు విషయంలో అయితే అక్కడ తలకిందులే అన్నా. ద్రవ్య బిల్లు పుట్టేది లోక్‌సభలోనే. రాజ్యసభ దాన్ని 14 రోజులకు మించి ఆపలేదు. అంటే నీళ్ళు దిగువ నుంచే వదులుతున్నారు. మిగతా మామూలు బిల్లులు రెండు సభలూ ఒప్పుకోవాలి.

ఆత్మకూరు నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు:
నాయనా, ఆ పాప రాసినదానికి అమరకోశం, అంటే మన పాత సంస్కృత నిఘంటువు, సాక్ష్యం ఉంది. ‘స్వామ్యమాత్య సుహృత్కోశ రాష్ట్ర దుర్గ బలాని చ, రాజ్యాంగాని’ అని చెప్పాడు అమరసింహుడు. రాజు, మంత్రి, మిత్రుడు, బొక్కసం, రాష్ట్రం, కోట, సైన్యం. ఈ ఏడూ రాజ్యానికి అంగాలు. రాష్ట్రం రాజ్యంలో ఒక అంగం. మన తెలుగువాడి వాడుక దీనికి దగ్గరగా ఉంది. ఇంకో సంగతి, ‘రాజ్యాంగం’ అన్న మాట ఈ శ్లోకంలోనే ఉంది. హిందీవాళ్ళు సంవిధాన్ అంటారు, మనం రాజ్యాంగం అంటాం. కాబట్టి ‘భారత రాజ్యాంగం’లో రాజ్యం దేశమంతా. అదే రాజ్యాంగం ఏర్పరచిన ‘రాజ్యసభ’లో రాజ్యం ఒక్క రాష్ట్రం.

కావలి:
మాస్టారూ, ఈ శ్లోకం చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఏళ్ళ తరబడి రాజ్యాంగం పాఠం చెబుతున్నా, ఆ మాటను విడదీసి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

మీరు చెప్పినదానికి మన నేల మీది సాక్ష్యం కూడా ఉంది. పల్లవుల రాగి శాసనాల్లో నెల్లూరు ప్రాంతం పేరు ముండరాష్ట్రం. ఉరువుపల్లి శాసనంలో, విళవట్టి శాసనంలో ఆ పేరు కనిపిస్తుంది. దానికి ఉత్తరాన, ఇప్పటి ప్రకాశం, గుంటూరు వైపు కర్మరాష్ట్రం. ఆ కర్మరాష్ట్రంలో ‘ఓంగోడు’ అనే ఊరును దానమిచ్చిన శాసనాలున్నాయి, ఓంగోడు అంటే మన ఒంగోలే అంటారు చరిత్రకారులు. అంటే అప్పుడు రాష్ట్రమంటే ఇప్పటి ఒకటి రెండు జిల్లాలంత. నెల్లూరు నుంచి ఒంగోలుకు బస్సులో పోతే ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలోకి పోయినట్టు! ఆ మాట పదహారు వందల ఏళ్ళుగా మన దగ్గర ప్రాంతం అన్న అర్థంలోనే నిలబడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఎవరికీ అర్థం వివరించాల్సిన పని పడలేదు.

కందుకూరు నుంచి ఒక సభ్యుడు:
సార్, నాదో సందేహం. పోటీ పరీక్షల కోచింగులో ‘17వ లోక్‌సభ టర్మ్‌లో నెల్లూరు రాజ్యసభ ఎంపీ ఎవరు’ అని ఒక ప్రశ్న ఇచ్చారు. ఒకరు వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి అన్నారు, ఒకరు బీద మస్తాన్‌రావు అన్నారు, ఇంకొకరు వెంకయ్యనాయుడు అన్నారు. తన్నుకోవడమే తక్కువ. ఏది రైటు?

కావలి:
తమ్ముడూ, ప్రశ్నే సరిగా లేదు. రెండు చోట్ల తప్పింది.

మొదటిది ‘టర్మ్’. తెలుగులో సభకైనా మనిషికైనా మనం టర్మ్ అనే అనేస్తాం. లోక్‌సభకు ఐదేళ్ళ గడువు ఉంది, రద్దవుతుంది, అందుకే 16, 17, 18 అని వరుస నంబర్లు. రాజ్యసభ రద్దు కాదు, నంబరూ లేదు. గడువు సభ్యుడిది, ఆరేళ్ళు. రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. మొదట 1952లో అందరూ ఒకేసారి వచ్చారు కాబట్టి, ఎవరికి రెండేళ్ళు, ఎవరికి నాలుగు, ఎవరికి ఆరు అన్నది చీటీలు తీసి తేల్చారు. అందుకే సభ్యుడికి ‘పదవీకాలం’, లోక్‌సభకు ‘సభ గడువు’ అని విడివిడిగా వాడితే బాగుంటుంది. ప్రభాకర్‌రెడ్డి గారు 2018లో ఎన్నికయ్యారు, అంటే 17వ లోక్‌సభ పుట్టకముందే. కావలి మాజీ ఎమ్మెల్యే మస్తాన్‌రావు గారు ఎన్నికైంది 2022లో, అది సగంలో ఉండగా. వెంకయ్యనాయుడు గారిది మన చవటపాలెమే, కానీ 2017 నుంచి 2022 దాకా ఆయన ఉపరాష్ట్రపతి. సభకు అధ్యక్షులే గానీ సభ్యులు కారు.

రెండోది ‘నెల్లూరు రాజ్యసభ ఎంపీ’. అట్లాంటి పదవి లేదు. నెల్లూరు మనిషి ఉంటాడు, నెల్లూరు సీటు ఉండదు. వెంకయ్యనాయుడు గారే చూడు, ఉదయగిరి ఎమ్మెల్యేగా చేసినవారు రాజ్యసభకు కర్ణాటక నుంచి మూడుసార్లు, తర్వాత రాజస్థాన్ నుంచి వెళ్ళారు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో వెళ్ళింది మద్రాసు రాష్ట్రం నుంచి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉన్న 18 సీట్లను ఆంధ్రకు 11, తెలంగాణకు 7 అని పంచి, ఏ సభ్యుడు ఎటో చీటీలు తీసి సర్దారు. ఇక్కడివాళ్ళకు అక్కడ, అక్కడివాళ్ళకు ఇక్కడ పడ్డాయి. ఏ ఊరివాడన్నది చూడలేదు, రాష్ట్రం లెక్కే చూశారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, నాకు బాధ కలిగించేది. అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో తీసేశారు. దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. దానివల్ల గొప్పవాళ్ళు కొందరు సభకు వచ్చి ఉండొచ్చు. కానీ రాష్ట్రాల సభ అన్న పేరులో బలం మాత్రం తగ్గిందనే నా అభిప్రాయం.

ఒంగోలు అక్క:
సభలో తెలుగులో మాట్లాడొచ్చు కదా తమ్ముడూ. అప్పుడు ఈ రాజ్యం, రాష్ట్రం గొడవ ఎట్లా?

కావలి:
మంచి ప్రశ్న అక్కా. 2018 నుంచి రాజ్యసభలో 22 భాషలకూ దుబాసీల ఏర్పాటు ఉంది. వెంకయ్యనాయుడు గారు అధ్యక్షులుగా ఉన్నప్పుడే వచ్చింది. ఇక మీ ప్రశ్నకు: మన సభ్యుడు లేచి ‘మా రాష్ట్రానికి నిధులు రాలేదు’ అంటే, దుబాసీ ఆ మాటను అట్లాగే హిందీలో అనకూడదు. ‘రాష్ట్ర్’ అంటే వినేవాళ్ళకు మొత్తం దేశం. ‘రాజ్య’ అని మార్చి చెప్పాలి. ఒకే మాట మన నోట్లో ఆంధ్రప్రదేశ్ అంత ఉండి, అవతలివాళ్ళ చెవిలో ఇండియా అంత అవుతుంది.

ఆత్మకూరు మాస్టారు:
నాయనా, ‘రాష్ట్రాల సభ’ అని బ్రాకెట్లో రాయించు గానీ, పాప రాసినదానికి అర మార్కయినా వెయ్యి. మాట తెలిసి రాసింది.

కావలి:
వేశా మాస్టారూ. నా దగ్గర మార్కులు లేవు గానీ, నిన్న సాయంత్రం ఆ పేజీ తీయించి ఎర్ర ఇంటూల పక్కన మళ్ళీ రాయించా. ‘రాజ్యసభ – రాష్ట్రాల సభ. హిందీలో రాజ్యం అంటే మన రాష్ట్రం.’ మీ శ్లోకం కూడా నోటికి చెప్పించా. కోశం అంటే ఏందని అడిగింది, బొక్కసం అన్నా. బొక్కసం అంటే ఏందని అడిగింది. తర్వాత ‘ఓంగోడు’ను రెండుసార్లు రాసుకుని కింద గీత గీసింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది ఒంగోలట, ఆదివారం పోయినప్పుడు చెప్పాలంట.