అప్‌డేట్: ఐఫోనా, ఆండ్రాయిడా? చివరికి ఏది తీసుకున్నానంటే

ఆరేళ్లుగా ఆండ్రాయిడ్ వాడుతున్న నేను ఈసారి ఐఫోన్‌కు మారవచ్చా అని గత నెల అడిగాను. ఓపికగా సమాధానం చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు. నిర్ణయానికి ముందు మా అక్కయ్య పాత ఐఫోన్‌ను పది రోజులు వాడి చూశాను.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిన సంగతిని ఒకరు గుర్తుచేశారు. ఆపిల్ ఆ లోపాన్ని అదే నెలలో ఐఓఎస్ (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయినా కుతూహలం కొద్దీ 'విజ్ఞానం' అని టైపు చేశాను, ఏమీ కాలేదు.

అసలు చిక్కు వాట్సాప్ చాట్‌ల దగ్గర వచ్చింది. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్‌ను ఐఫోన్ నేరుగా తీసుకోదు. 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో తెచ్చుకోవాలంటే ఐఫోన్ కొత్తదైనా అయి ఉండాలి, లేదా ఫ్యాక్టరీ రీసెట్ చేసినదైనా కావాలి. నేనేమో తొందరపడి ముందే సెటప్ ముగించాను. అక్కయ్య ఫొటోలున్న ఫోన్‌ను చెరిపే ధైర్యం లేక ఆ ప్రయత్నం మానుకున్నాను.

చార్జర్ సంగతి ఇప్పుడు పెద్ద తేడా కాదు, 2023 నాటి ఐఫోన్ 15 నుంచి అక్కడా టైప్-సి వచ్చేసింది. ఆండ్రాయిడ్‌లో ఎక్కువ కాలం అప్‌డేట్‌లు రావన్న నా పాత ఫిర్యాదు కూడా ఏడేళ్ల హామీతో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24 విషయంలో నిలవలేదు. అదే కొన్నాను. వీడియోల విషయంలో మాత్రం మనసు ఇంకా అక్కయ్య ఫోన్ మీదే ఉంది.