పొగత్రాగనివాడా, పొగతాగనివాడా?

అడిగినవారు:
టీవీలో కన్యాశుల్కం చూసి ఉసూరుమన్నాను. సంభాషణలన్నీ పత్రికల తెలుగులోకి మార్చేశారు. అది సరే, గిరీశం వెంకటేశానికి చుట్ట మహిమ చెప్పే "ఖగపతి యమృతము తేగా" పద్యంలో ఆ నటుడు "పొగత్‌... త్రాగనివాడు" అని ఒత్తి పలికాడు. అప్పట్నుంచీ చెవిలో గుచ్చుకుంటోంది. మా నాన్నగారు "పొగతాగనివాడు" అనేవారు. ఏది సరి?

పద్యాల మాస్టారు:
ఈ పద్యం కందం. అందులో ఒక్కో గణానికి, అంటే అక్షరాల గుంపుకి, నాలుగు మాత్రలుండాలి. ఆ లెక్కకి రెండూ సరిపోతాయండీ. పొగ, త్రాగు రెండూ తెలుగు మాటలు, విడివిడి పదాలు. వెనక త్రా ఉన్నా గ లఘువే, అంటే ఒక మాత్రే. "పొగత్రా" రెండు లఘువులు, ఒక గురువు (రెండు మాత్రలు): మొత్తం నాలుగు మాత్రలు, సగణం. ఆ నటుడు గ మీద బరువేసి గురువు చేశాడు. ఐదు మాత్రలై గణం చెడింది. మీ చెవికి తగిలింది అదే.

విజయనగరం నుంచి:
గణం సరే మాస్టారూ, గిరీశం నోట త్రా పలుకుతుందా? మా వైపు తాగడమే.

పద్యాల మాస్టారు:
మామూలు మాటల్లో పలకదు. ఇక్కడ పలకాలి. కుర్రాడికి శాస్త్రప్రమాణం చూపిస్తున్నాడాయె! పురాణం చదివినంత గంభీరంగా చదివితేనే, చివర పొగతాగనివాడు దున్నపోతై పుడతాడన్న దగ్గర నవ్వొస్తుంది. టీవీలో మొదటి పాదం నుంచే వెకిలిగా చదివించారు. ఇక నవ్వెక్కడిది?

మరొకరు:
మా ఇంట్లో రెండో పాదం "ధగధగమని పొంగి" అనేవారు.

పద్యాల మాస్టారు:
యతి పోతుంది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జోడీ అక్షరం తప్పుతుంది. "భుగభుగమని పొంగి చుక్క భూమిని వ్రాలెన్‌". భు, భూ కలవాలి. "భువిపై" అన్నా నిలుస్తుంది. "భూమిపై" అంటే మాత్రం గణం చెడుతుంది.

విజయనగరం నుంచి:
గురజాడ చెవి అలాంటిది. 1909లో నాటకాన్ని పెంచి తిరగరాశారు, మరుసటేడే ముత్యాల సరాలు అనే గేయం. "గుత్తునా ముత్యాల సరములు కూర్చుకొని తేటైన మాటల" అని పైకి చదవండి, మూడూ నాలుగూ మాత్రల నడక ఎక్కడా తడబడదు. పూర్ణమ్మ కథ నేను ఇప్పటికీ కళ్ళు తడవకుండా చదవలేను. అలాంటి ఆయన త్రా రాశారో తా రాశారో నటుడి ఇష్టానికి వదలకూడదు.

అడిగినవారు:
అయితే 1909 కూర్పు ఎవరి దగ్గరున్నా ఆ పుట ఫొటో పెట్టండి.

మరొకరు:
పెడితే చివరి మాట కూడా కనపడేట్టు తీయండి. "దున్నపోతై పుట్టున్‌" అనా, "బుట్టున్‌" అనా? మా తాతగారు బుట్టున్‌ అనే చదివేవారు.