మూడో తరగతి పాపకు ఆన్‌లైన్ యాక్టింగ్ క్లాసులు: చేర్పించమంటారా?

పటమట అమ్మ

నమస్కారమండీ. మాది విజయవాడ, పటమట. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఇంట్లో పొద్దస్తమానం ఏదో ఒక వేషమే. తువ్వాలు నెత్తిన కప్పుకుని కూరగాయల బేరం ఆడుతుంది, వాళ్ల మామ్మ గొంతు అచ్చంగా దింపేస్తుంది. బయటివాళ్లు వస్తే మాత్రం నా వెనక దాక్కుంటుంది.

ఇన్‌స్టాలో ఒక ఆన్‌లైన్ యాక్టింగ్ కోర్సు ప్రకటన చూశాను. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర, బ్యాచ్‌కి ముప్పై మంది పిల్లలు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారట, షార్ట్ ఫిల్మ్‌లో అవకాశం కూడా అంటున్నారు. మావారేమో "ఇప్పటికే ఫోన్ వదలదు, మళ్లీ ఇదొకటా" అంటున్నారు. కూచిపూడి నేర్పేవాళ్లు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, చిన్నపిల్లలకు నటన నేర్పేవాళ్లు దొరకలేదు. అసలు స్క్రీన్ ముందు కూర్చుంటే నటన వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

అరండల్‌పేట నాన్న

మాది గుంటూరండీ. మావాడు నాలుగో తరగతి. ముప్పై మంది బ్యాచ్ అయితే వద్దు. మేం మొదట అలాంటి దాంట్లోనే వేశాం. వాడి వంతు వచ్చేసరికి అరగంట పట్టేది, ఈలోగా పక్క ట్యాబ్‌లో గేమ్ తెరిచేవాడు. మానిపించి ఎనిమిది మంది ఉండే క్లాసులో చేర్పించాం. అక్కడ ప్రతి రెండు మూడు నిమిషాలకూ వాడికి ఏదో ఒక పని ఉంటుంది. ఇప్పుడు క్లాసు టైమ్‌కి వాడే వచ్చి ల్యాప్‌టాప్ అడుగుతున్నాడు.

బ్రాడీపేట టీచరమ్మ

అమ్మా, నేను గుంటూరులో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. పరిషత్ నాటకాల్లో వేషాలు వేశాను, బడిలో ఏటా పిల్లల చేత నాటికలు వేయించేదాన్ని. కరోనా రోజుల నుంచి జూమ్‌లో చిన్నపిల్లలకు నేర్పుతున్నాను. ప్రస్తుతం కొత్తవాళ్లను తీసుకోవడం లేదు కాబట్టి ఇది నా క్లాసు కోసం చెబుతున్న మాట కాదు.

మీ పాప మామ్మ గొంతు దింపుతుందన్నారు చూడండి, అసలు సరుకు అదే. ఆ పిల్ల మామ్మను బాగా గమనించింది. ఎక్కడ ఆగుతుందో, ఏ మాట సాగదీస్తుందో చెవిలో పెట్టుకుంది. ఈ వయసులో క్లాసు చేయాల్సింది ఆ చూపును, ఆ చెవిని పెంచడమే. సినిమా డైలాగు బట్టీ పట్టించి రీల్ తీయించే క్లాసులంటే నాకు నిజంగా బాధ. పిల్ల తను చూసిన మనుషుల్ని వదిలేసి, ఇంకెవరో చేసినదాన్ని మళ్లీ చేయడం మొదలుపెడుతుంది. ఒకసారి అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం.

స్క్రీన్ మీద వస్తుందా అని అడిగారు. కొంత వస్తుంది, కొంత రాదు. అభినయాన్ని మన పెద్దలు ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పారు. వాచికం ఆన్‌లైన్‌లో బ్రహ్మాండంగా నేర్పొచ్చు. ఇయర్‌ఫోన్‌లో పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో కూడా నాకు వినిపిస్తుంది. స్కూల్ హాల్లో నలభై మంది గోల మధ్య అది తెలిసేది కాదు. శ, ష, స తేడా, మింగేసే ఒత్తులు, 'ళ' బదులు 'ల' అనడం, అన్నీ అక్కడికక్కడే దిద్దొచ్చు.

ఆంగికం సగమే వస్తుంది. అదీ మీరు గది సర్దితేనే. ఫోన్ చేతిలో ఉంటే ముఖం తప్ప ఏమీ కనపడదు. ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి, పాప తల నుంచి పాదాల దాకా కనపడేంత వెనక్కి నిలబెట్టండి. కిటికీ పాప వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, ఎదురుగా ఉండేలా చూసుకోండి. ఇంకొకటి, తన బొమ్మ తనకు కనపడకుండా సెల్ఫ్ వ్యూ ఆపేయండి. లేకపోతే పిల్లలు క్లాసంతా తమ ముఖమే చూసుకుంటూ జుట్టు సర్దుకుంటారు. సిగ్గుపడే పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం.

నెట్‌లో ఒకరి మాట ఇంకొకరికి చేరేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. అందుకే కోరస్‌గా పాడటం, ఒకే తాళానికి చప్పట్లు కొట్టడం కుదరవు. పైగా చప్పట్లను, గుసగుసలను యాప్ గోల అనుకుని తగ్గించేస్తుంది. ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ పెట్టుకుంటే నయం. పని తెలిసిన టీచరు అందరి చేతా ఒకేసారి చేయించకుండా, ఒకరు విడిస్తే ఇంకొకరు అందుకునే ఆటలు పెడతారు.

నేను ఆడించే ఆట ఒకటి చెబుతాను. అందరి దగ్గరా ఒక ఖాళీ స్టీలు గ్లాసు ఉంటుంది. ఒక పిల్ల "పాలు వేడిగా ఉన్నాయి" అంటూ గ్లాసును కెమెరా వైపు చాపుతుంది. తర్వాతి పిల్ల తన ఇంట్లో, తన గ్లాసును ఆ వేడితోనే అందుకోవాలి. ఈమధ్య రెండో తరగతి బాబు ఒకడు చొక్కా అంచు చేతిలోకి లాక్కుని దాంతో గ్లాసు పట్టుకున్నాడు. నేను చెప్పలేదు, వాళ్లమ్మ కొంగుతో గిన్నె దించడం చూసి ఉంటాడు. వాడి దగ్గర్నుంచి అందుకున్న పాప ఊదింది. ఆ తర్వాతి పాప ఒక గుటక వేసి, మీగడ పెదవికి అంటుకుందని తుడుచుకుంది. ఒక్క డైలాగు లేదు. నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ, వింటూ చేశారు. మంచి క్లాసంటే నా ఉద్దేశంలో ఇదీ.

ఆటలతో నేర్పడం కొత్తేమీ కాదు. చికాగోలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ తయారుచేసిన ఆటలు ఇప్పటికీ నాటక శిక్షణలో వాడుతున్నారు. మన దగ్గర 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు చంటితనం నుంచే స్టేజి మీద పెరిగారు, పెద్దవాళ్లను చూస్తూ నేర్చుకున్నారు.

గంటన్నర మాత్రం చాలా ఎక్కువ. 2020లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లో 1 నుంచి 8 తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు రోజుకు రెండు సెషన్లకు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పారు. అది బడి పాఠాల గురించే అయినా, పిల్లల కళ్లు అవే కదా. మీవారి బెంగలో న్యాయముంది.

డబ్బు కట్టకముందే ఒక ట్రయల్ క్లాసు అడగండి. పక్క గదిలోంచి వినండి. టీచరు గొంతే ఎక్కువగా వినపడుతుంటే వదిలేయండి. క్లాసు రికార్డు చేస్తారా, ఆ వీడియోలు ఎక్కడ పెడతారు అని తప్పకుండా అడగండి. ప్రచారానికి పిల్లల వీడియోలు వాడుకుంటామంటే ఒప్పుకోవద్దు.

పటమట అమ్మ

టీచర్‌గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. ఇంకో టెన్షన్. పాపది ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. తెలుగు క్లాసులో వెనకబడిపోతుందేమో? పైగా ఆ షార్ట్ ఫిల్మ్ విషయం అడిగితే, దానికి 'పోర్ట్‌ఫోలియో షూట్' (పాప ఫొటోలు తీయడం) అని విడిగా డబ్బు కట్టాలన్నారు.

బ్రాడీపేట టీచరమ్మ

చదవడం రాకపోయినా ఏం ఫరవాలేదమ్మా. ఈ వయసు పిల్లలకు నేను కాగితం ఇవ్వను. ఒక వాక్యం నేను చెబుతాను, వాళ్లు వాళ్ల మాటల్లో చెబుతారు. చెవితో పట్టిన మాట నోట్లో సహజంగా పలుకుతుంది, కాగితం చూసి బట్టీ పడితే చదివినట్టే ఉంటుంది. ఇష్టం కుదిరాక అక్షరాలు వాటంతటవే వస్తాయి.

కూచిపూడి సంగతి కూడా ఆలోచించండి. ఆ సంప్రదాయంలో పాత్ర నాట్యంతో సరిపెట్టదు, నోరు విప్పి మాట్లాడుతుంది. యక్షగానాలు, కలాపాలు లాంటి మాటలున్న నృత్య నాటకాలు చేయించే గురువు దొరికితే మీ పాపకు ఆంగికం అక్కడ వస్తుంది, వాచికం ఇక్కడ. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకం ఉన్నప్పుడు తీసుకెళ్లి ముందు వరసల్లో కూర్చోబెట్టండి. గుంటూరు వస్తే వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది. ఎదురుగా మనిషి చేస్తుంటే చూడటానికి సాటి ఏదీ లేదు.

షూట్‌కి డబ్బు మాత్రం కట్టకండి.

గవర్నర్‌పేట వకీలు

చివరి మాటకు కొంచెం కలుపుతాను. పద్నాలుగేళ్లలోపు పిల్లలు నటించడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, బాలకార్మిక చట్టం కింద 2017లో సవరించిన నియమాలు ఉన్నాయి. రోజుకు 5 గంటలకు మించి చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర, అంటే కలెక్టర్ దగ్గర, అనుమతి తీసుకోవాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. బిడ్డకు ఇష్టం లేకుండా చేయించకూడదు. అవకాశం ఇస్తామన్నవాళ్లను "కలెక్టర్ అనుమతి ఎవరు తీసుకుంటారు?" అని అడిగి చూడండి. నిజంగా సినిమా తీసేవాళ్లయితే జవాబు వెంటనే చెబుతారు.

పటమట అమ్మ

అడిగానండీ. "అవన్నీ తర్వాత చూసుకుందాం" అన్నారు, వదిలేశాను. అరండల్‌పేట నాన్నగారూ, మీ బాబు వెళ్లే ఎనిమిది మంది క్లాసు వివరాలు మెసేజ్ చేస్తారా? మావారు ఒక్క ట్రయల్‌కి ఒప్పుకున్నారు. ఇంట్లో మేమిద్దరం పాపతో ఆ పాల గ్లాసు ఆట ఆడుతున్నాం. ఆయన అందుకుంటే "నాన్నా, నీకు వేడి తగల్లేదు, మళ్లీ పట్టుకో" అంటోంది.