సైదాపురం దిబ్బ రాళ్లు, చీమకుర్తి ముక్కలు: ఏది ఏ రాయో ఇంట్లోనే తేల్చేదెట్టా?

గూడూరు_బడి:
బడిలో ప్రదర్శనకి తొమ్మిది రాళ్లు ఉండాయి. ఒక్కోదానికి పేరు రాసి చీటీ పెట్టాల. సైదాపురం పక్క పాత మైకా గనుల దిబ్బల మీదవి కొన్ని, చీమకుర్తివి, మార్కాపురంవి కొన్ని. తెల్లవి రెండు: ఒకటి పాలరంగు, ఇంకోటి లేత గులాబీ. ఇక్కడ రెండిటినీ తెల్లరాయే అంటారు. నల్లవి నాలుగు: మెరుపు చుక్కల గ్రానైట్ ముక్క, నిలువు గీతలున్న కడ్డీ లాంటిది, నలుపు తెలుపు చారలది, ఇంకోటి నిమ్మకాయంతే ఉన్నా చేతికి బాగా బరువు. ఇవిగాక అభ్రకం (మైకా), పలక ముక్క, రేగడి చేలో దొరికిన బూడిదరంగు గుండు. ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే పూటకో పేరు చెబుతోంది. ల్యాబు లేదు. ఏ వరసలో చూడాల?

పలుగురాయి:
యాప్ చూసేది రంగు. రాయి విషయంలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది రంగే. ముందు ప్రతి రాయిలో ఒక మూల సుత్తితో కొట్టి కొత్త ముఖం తీయండి. గోనెపట్టా కప్పి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. పలుగురాయి పెచ్చులు బ్లేడు లాంటివి.

తెల్లవాటి సంగతి. పాలరంగుది పలుగురాయి, అంటే క్వార్ట్జ్ అయ్యుండాలి. గులాబీది ఫెల్డ్‌స్పార్ కావచ్చు. కానీ క్వార్ట్జ్‌లోనూ గులాబీ ఉంది, ఫెల్డ్‌స్పార్‌లోనూ పాలరంగు ఉంది. అందుకని కొత్త ముఖాన్ని ఎండలో పెట్టి మెల్లగా తిప్పండి. ఫెల్డ్‌స్పార్ అయితే ఒక కోణం దగ్గర చదునైన ముఖం మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది, పక్క ముఖం దానికి ఇటుక మూల లాగా ఇంచుమించు 90 డిగ్రీల్లో ఉంటుంది. క్వార్ట్జ్‌కి అట్లాంటి చదును ఉండదు, పగిలిన సీసా అడుగులాగా వంపులు తిరిగి పగులుతుంది.

ఇక్కడ చాలామంది చాకుతో గీకి దెబ్బతింటారు. మామూలు చాకు గట్టిదనం మోస్ కొలతలో (పెద్ద అంకెది చిన్న అంకెదాన్ని గీస్తుంది) 5.5 దరిదాపు. ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. చాకు రెండిటి మీదా జారిపోతుంది, కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. రంపం పదును పెట్టే ఆకురాయి వాడండి, అది 6.5 దాకా ఉంటుంది: ఫెల్డ్‌స్పార్‌ని గీస్తుంది, క్వార్ట్జ్‌ని గీయదు. అదీ లేకపోతే ఒకదాంతో ఒకదాన్ని గీయండి. గీత పడ్డాక తడి వేలితో తుడవాలి. చెరిగిపోతే అది గీత కాదు, ఇనుము అంటిన మరక.

ఇంకో సంగతి. దిబ్బ మీద ఏళ్ల తరబడి వానకు తడిసిన ఫెల్డ్‌స్పార్ పైన సుద్దలాగా మారుతుంది. గోటితో గీకినా రాలుతుంది. దాన్ని బలపం రాయి అని రాసేస్తారు. కొత్త ముఖం తీయమన్నది అందుకే.

నల్లబండ_ఒంగోలు:
చీమకుర్తి ముక్క చీటీ మీద ‘గ్రానైట్’ అని మాత్రం రాయొద్దు సామీ. గెలాక్సీ గ్రానైట్ అన్నది వ్యాపారంలో పేరు. పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా వాళ్లకి గ్రానైటే. గ్రానైట్ అనాలంటే కంటికి కనిపించే క్వార్ట్జ్ దండిగా ఉండాలి, ఇందులో అది కనపడదు. ఇది గాబ్రో జాతి రాయి: ముదురు ప్లాజియోక్లేజ్ రకం ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ముదురు ఖనిజం కలిసినది. ఆ రాగి బంగారు చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే పైరాక్సీన్ గింజలు అవి. సూదితో పొడిచి చూడండి, రేకులుగా లేవవు. అభ్రకమైతే లేస్తుంది. చీటీ మీద రెండు వరసలు పెట్టండి: ‘వ్యాపార పేరు బ్లాక్ గెలాక్సీ, రాయి గాబ్రో’.

చారలది కొణిజేడు, మార్లపాడు కొండల వైపు దొరికే ఇనుపరాయి లాగుంది. దారానికి అయస్కాంతం కట్టి దగ్గరికి తీసుకుపోండి. నల్ల చారల వైపు లాగితే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. తెల్ల చార క్వార్ట్జ్. అంటే ఇది ఒక ఖనిజం కాదు, రెండు ఖనిజాలు పొరలు పొరలుగా ఉన్న రాయి: మాగ్నెటైట్ క్వార్ట్జైట్. గట్టిదనం చూసేటప్పుడు ఏ చార మీద గీస్తున్నారో చూసుకోండి.

తూకం_రాయి:
మిగిలిన రెండు నల్లవాటికి సాంద్రత చూడాలి. వంటింటి ఎలక్ట్రానిక్ తూకం చాలు.

రాయిని కడిగి ఆరబెట్టి తూచండి. తర్వాత గాజు గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయికి సన్నటి దారం కట్టి, పూర్తిగా మునిగేట్టు వేలాడదీయండి, అడుగుకీ గోడకీ తగలకూడదు. ఇప్పుడు తూకం చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువుని దాంతో భాగించండి. 84 గ్రాముల రాయికి 32 చూపిస్తే 2.63, అంటే క్వార్ట్జ్ దగ్గర. క్వార్ట్జ్ 2.65, అభ్రకం 2.8, నల్ల టూర్మలిన్ 3.1, ముగ్గురాయి (బెరైట్) 4.5, మాగ్నెటైట్ 5.2.

తప్పు ఎక్కడ వస్తుందంటే: రాయి అడుగుకి ఆనితే అంకె అమాంతం పెరుగుతుంది, సాంద్రత తక్కువ వస్తుంది. గాలి బుడగలు అంటుకున్నా అంతే, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి. 10 గ్రాముల బుల్లి ముక్కతో చేయొద్దు. ఒక గ్రాము మెట్టున చూపే తూకంలో 4 చూపిస్తే 2.5, 3 చూపిస్తే 3.3, ఈ తేడాలో నాలుగు ఖనిజాలు పట్టేస్తాయి. కనీసం 50 గ్రాములు ఉండాలి.

గీతల కడ్డీని అడ్డంగా విరిగిన చోట చూడండి. మూలలు గుండ్రంగా తిరిగిన త్రిభుజం కనపడితే నల్ల టూర్మలిన్. ఆరు వైపులు సమంగా ఉండి, రంగు లేత ఆకుపచ్చగా ఉంటే బెరిల్ అని అనుమానించాలి. అదీ ఈ దిబ్బల్లో ఉంటుంది.

సున్నంబట్టీ:
రేగడి గుండు మీద టాయిలెట్ కడిగే యాసిడ్ ఒక చుక్క వేయండి, చేతికి తొడుగు ఉండాలి, బ్లీచింగ్ దగ్గర పెట్టొద్దు. బుసబుసమని నురగ వస్తే సున్నపు గుండు. నిమ్మరసంతో చేస్తే కనపడీ కనపడకుండా పొంగుతుంది, పిల్లలకి నమ్మకం కుదరదు. సున్నపురాయిని పోలిన డోలమైట్ అయితే గీకి పొడి చేసి ఆ పొడి మీద వేస్తేనే పొంగుతుంది. నురగ వచ్చిందల్లా సున్నపురాయి కూడా కాదు. ఉదయగిరి వైపు గరిమెనపెంట పాత రాగి పనుల దగ్గర రాళ్ల మీద ఆకుపచ్చ పూత ఉంటే మాలకైట్ అనే రాగి ఖనిజం కావచ్చు, అదీ పొంగుతుంది.

అభ్రకాన్నీ పలకనీ పక్కపక్కన పెట్టండి. రెండూ పొరలుగా విడిపోతాయి, కానీ అభ్రకం ఒకే ఖనిజం. రేకు వంచి వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది. పలక అయితే రాయి, కంటికి కనపడనంత సన్న గింజలు ఒత్తిడికి ఒక దిక్కున సర్దుకున్నది. వంచితే విరుగుతుంది. ఖనిజం వేరు, రాయి వేరు అన్న పాఠానికి ఈ రెండూ చాలు.

గూడూరు_బడి:
అందరికీ దండాలు. ఎనిమిది తేలినాయి. కడ్డీకి 3.1 వచ్చింది, త్రిభుజం కూడా కనపడింది. బరువుది మాత్రం 207 గ్రాములు, నీళ్లలో 37 చూపించింది, అంటే 5.59. అయస్కాంతానికి అంటలేదు. పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని అంచు మీద గీస్తే ఎర్రటి ముదురు గోధుమ గీత. పగిలిన చోట గాజులాగా వంపు. ఇనుప ఖనిజం హెమటైటా?

తూకం_రాయి:
గీత హెమటైట్‌దీ ఎర్ర గోధుమే, కానీ దాని సాంద్రత 5.3 దాకానే పోతుంది, మీది అది దాటింది. అందుకే తొందరపడొద్దు. మైకా గని దిబ్బ మీద గాజు పగులు, నలుపు, 5.5 దాటిన బరువు అంటే సమర్‌స్కైట్‌నో, కొలంబైట్ టాంటలైట్‌నో (అరుదైన లోహాలుండే బరువు ఖనిజాలు) అనుమానించాలి. నెల్లూరు జిల్లాలో గ్రిద్దలూరు గని సమర్‌స్కైట్‌కి పాత పేరు. అందులో యురేనియం, థోరియం ఉంటాయి. ఈ రెండిటినీ ఇంటి పరీక్షలతో విడదీయలేం, రేడియేషన్ కౌంటర్ కావాలి.

ఇక గీకొద్దు, పగలగొట్టొద్దు, పొడి పీల్చొద్దు. గీసిన కప్పు తాగడానికి వాడొద్దు, చేతులు కడుక్కోండి. మూత ఉన్న డబ్బాలో పెట్టి మనుషులు కూర్చోని చోట ఉంచండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. జియాలజీ విభాగం ఉన్న కాలేజీలో కౌంటర్ ఉంటే చూపించండి, లేదంటే హైదరాబాద్‌లోని అణు ఖనిజాల డైరెక్టరేట్‌కి రాయండి. అది తేలేదాకా బల్ల మీద ఎనిమిది రాళ్లే పెట్టండి.

నల్లబండ_ఒంగోలు:
ఒక మాట. మళ్లీ దిబ్బకి పోతే గనిదారుని అడిగి పిడికెడు ముక్కలే తెచ్చుకోండి. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, ముగ్గురాయి 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ పెద్ద ఖనిజాల (మేజర్ మినరల్స్) జాబితాలో ఉన్నాయి. నీళ్లు నిండిన పాత గుంటల అంచుకి పిల్లల్ని తీసుకుపోవద్దు, అభ్రకం పొరల గోడ చెప్పకుండా జారుతుంది.